పది నిమిషాలు ముందున్న మనిషి

అమెరికాలోని ఇర్వింగ్‌లో నలభై ఏళ్లుగా ఉంటున్న రిటైర్డ్ ఇంజనీరు వీరాంజనేయులుగారు జీవితంలో దేనికీ ఆలస్యం కాలేదు. పెళ్లికి కూడా కాలేదని భార్య లీలావతిగారు కొంత విచారంతోనే చెబుతారు.

ఈ కీర్తి వెనక ఒక రహస్యం ఉంది. ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుంటాయి. తెలిస్తే జనం ఆ పది నిమిషాలనూ వాడేసుకుంటారని ఆయన ఎవరికీ చెప్పలేదు. హైదరాబాదులో కొన్న ల్యాప్‌టాప్‌కీ మినహాయింపు లేదు. లోపల ఇండియా టైమ్ జోన్ అలాగే ఉంచి, పైకి కనిపించే అంకెలను చేత్తో ఇర్వింగ్ కాలానికి తిప్పి, ఆపైన పది నిమిషాలు కలిపారు. అప్పుడప్పుడు కొన్ని పేజీలు మొరాయిస్తే ఇంటర్నెట్‌ను తిట్టేవారు.

ఆ ఉదయం పై అపార్ట్‌మెంట్‌లో ఉండే విద్యార్థిని వర్ష వచ్చి ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తన ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది. పదింటికి ఆన్‌లైన్‌లో ఎం.ఎస్. ఆఖరి పరీక్ష; పది దాటితే లోపలికి రానివ్వరు. ఇది పోతే డిగ్రీ ఆగుతుంది, డిగ్రీ ఆగితే చేతికందిన ఉద్యోగం పోతుంది. పరీక్ష దగ్గర ఫోన్ ఉండకూడదని పైనే పెట్టి వచ్చింది.

పరీక్ష పేజీ తెరుచుకోలేదు. మీ కంప్యూటర్ గడియారం తప్పు అని మాత్రం చెప్పింది.

వీరాంజనేయులుగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. ఆయన్ని ఎవరూ అంత మాట అనలేదు. తప్పు వాళ్ల సర్వర్‌దే అయి ఉంటుందన్నారు. వర్ష మూడుసార్లు ప్రయత్నించి, సెట్టింగ్స్ తెరిచి, పాస్‌వర్డ్ అడిగింది. ఆయన తటపటాయించారు. ఈలోగా తలుపులోంచి కనిపించే హాల్లోని గోడ గడియారం పదీ రెండు చూపించింది.

వర్ష చేతులు కీబోర్డ్ మీంచి జారిపోయాయి. "అయిపోయింది అంకుల్. లాక్ చేసేసుంటరు."

ఆయన ఆ పిల్ల ముఖం చూశారు. రాజ్యరహస్యం అప్పగించే మంత్రిలా గొంతు సవరించుకున్నారు. "ఇంకా ఎనిమిది నిమిషాలుందమ్మా. అది పది నిమిషాలు ముందుంటుంది. ఇంట్లో అన్నీ అంతే."

వంటింట్లోంచి లీలావతిగారు తొంగిచూశారు. "ఇరవై ఏళ్లుగా నేను ఆ పదీ తీసేసే చూసుకుంటున్నాను. ముందు పాస్‌వర్డ్ కొట్టండి."

కొట్టారు. మొదటిసారి తప్పు పడింది. రెండోసారికి తెరుచుకుంది. వర్ష టైమ్ జోన్‌ను ఇర్వింగ్‌కి మార్చగానే తెర మీది గడియారం నిన్న రాత్రి పదకొండూ ముప్పై అయిదుకి వెళ్లిపోయింది.

"ఇన్నాళ్లూ ఇది ఇండియాలోనే ఉందంకుల్," అంటూ వర్ష, ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే సింక్ బటన్ నొక్కింది. చిన్న చక్రం తిరిగింది. చక్రం తిరుగుతూనే ఉంది.

తొమ్మిదీ యాభై ఏడు.

ఈసారి పేజీ తెరుచుకుంది. వర్ష వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపింది, బయటికి వెళ్లమని. ఆయన చప్పుడు కాకుండా తలుపు మూసి, హాల్లోకి వచ్చి, స్టూలు లాక్కుని గోడ గడియారం దగ్గరికి ఎక్కారు.

"దాన్ని ముట్టుకోకండి," అన్నారు లీలావతిగారు గొంతు తగ్గించి. "పది తీసేయడం అలవాటైపోయింది నాకు. మీరు సరిచేస్తే రేపట్నుంచి నేను అన్నిటికీ ఆలస్యమవుతాను."

ఆయన గడియారాన్ని ముట్టుకోకుండానే స్టూలు దిగిపోయారు.