వెనక సీట్లో ఇసుక మాస్టారు

రెండున్నర క్వింటాళ్ల బైకును లోతు ఇసుకలో నడపడం నేర్పే ఆయన్ని అందరూ ఇసుక మాస్టారు అంటారు. టైర్లలో గాలి తగ్గించి, బొటనవేలితో నొక్కి చూసుకుని, శిష్యుణ్ణి ఎక్కించి, తాను దూరంగా చేతులు కట్టుకుని నిలబడతాడు. "బండి ఊగుతుంది, ఊగనివ్వు. హ్యాండిల్ బిగబట్టావో, పడ్డట్టే" అంటాడు. పడినవాణ్ణి లేపడానికీ తొందరపడడు. ఇవాళ నడిపేది భార్య. ఆయన మొట్టమొదటిసారి వెనక సీటెక్కాడు. నడి ఇసుకలో ముందు చక్రం దిగబడి మెలికలు తిరిగింది. మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. లేని బ్రేకును కాలితో తొక్కాడు, ఆమె భుజాలు రెండూ పట్టేశాడు. బండి ఇంకా ఊగింది. ఆమె మాత్రం దూరంగా పెట్టిన చూపు దించలేదు. "ఏవండీ, హ్యాండిల్ నేను వదులుగానే పట్టుకున్నాను. మీరే నన్ను వదలడం లేదు." మాస్టారు ఒక్కో వేలూ విప్పాడు. చిటికెనవేలు వదిలేసరికి బండి గట్టెక్కింది.