అత్త సర్దిపెట్టిన సంచి

ఆ రోజు పొద్దున ఫోను మోగితే తెర మీద అత్త పేరే కనిపించింది. సాయంత్రం ఇద్దరం కన్యాకుమారికి బయల్దేరాలి. ఆమె తిరుత్తణిలో లోకల్ రైలెక్కితే నేను తిరువళ్ళూరులో అదే పెట్టెలోకి ఎక్కడం, మద్రాసులో దిగి పెద్ద రైలు పట్టుకోవడం అని ఏర్పాటు. ఏదో సలహా చెప్పడానికే చేసి ఉంటుందనుకుని, "ఏమత్తా, పులిహోరలో ఉప్పెయ్యడం మర్చిపోతివా?" అని నవ్వుతూ ఎత్తాను.

అవతల అత్త కాదు, మామ. నాకు తెలిసి మామ తనంతట తాను ఎవరికీ ఫోను చేసిన మనిషి కాదు. నంబరు నొక్కి చేతికిచ్చే పని ఎప్పుడూ అత్తదే.

"మీ అత్త పిలిస్తే పలకతా లేదు పాపా," అన్నాడు. "ముగ్గేసి వచ్చి గడప మీద కూర్చునింది. నీళ్ళు తెమ్మనింది. తెచ్చినా. తాగలా."

ఆటో వచ్చేలోగానే అయిపోయిందట. జబ్బు లేదు, మంచం పట్టలేదు, ముందు రోజు తుమ్మను కూడా తుమ్మలేదు. ఆమె మా నాన్నకు అక్క. తిరుత్తణి పక్కన పల్లెలో మామతో కాపురం. ఒక్కడే కొడుకు, మా బావ, గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పని. ఇది రాసేనాటికి ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. తినేది, కట్టేది, అనేది అంటూ ఆమెను జరిగిపోయిన మాటల్లో రాయాల్సి వస్తుంటే నాకు చెయ్యి ఆడటం లేదు.

నేను పోయేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. నాకు ఏడుపు రాలేదు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి పోయాను. పొయ్యి పక్కన గిన్నెలో చింతపండు నానుతూ ఉంది. పక్కనే సెగ చూపించి మెత్తబరిచిన అరటాకులు చుట్ట చుట్టి పెట్టుంది. రాత్రి రైల్లో మేము తినాల్సిన పులిహోర అది. ఆ నీళ్ళల్లో చింతపండు ఉబ్బి పైకి తేలుతుంటే చూస్తూ అక్కడే కూర్చున్నాను. మనిషి లేకపోవడమేమిటి, వంట సగంలో ఉంటే?

తిండి విషయంలో అత్తకున్నన్ని పట్టింపులు జమీందార్లకు కూడా ఉండవు. సంగటి వేడిగా తినేది కాదు. ముందురోజు ముద్దను మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటేనే ఆమెకు తిన్నట్టు. శెనక్కాయల ఊరిబిండి, అదే పచ్చడి, రోట్లో నూరితే సరే, మిక్సీలో తిప్పితే చెయ్యి కూడా పెట్టదు. ఇక సాంబారు సంగతి ఎత్తితే మా చుట్టాలంతా ఇప్పటికీ నవ్వుతారు. బావకు పిల్లను చూడ్డానికి పోయిన ఒక ఇంట్లో సాంబారులో క్యారెట్టు ముక్కలు కనిపించాయి. తిరిగొచ్చేదాకా ఓర్చుకుని, బస్సు దిగీ దిగగానే, "పిల్ల బంగారమే. ఆ సాంబారు తాగి పెరిగిన పిల్ల మనింట్లో యాడ ఇముడుతాది?" అనింది. ఆ సంబంధం తప్పిపోవడానికి వేరే కారణాలున్నాయి. కానీ మా ఇళ్ళల్లో ఇవాళ్టికీ దాన్ని క్యారెట్టు సంబంధమనే అంటారు.

ప్రయాణాల్లో హోటలు ముఖం చూడనిచ్చేది కాదు. పెరుగన్నం కట్టాలంటే అన్నంలో పెరుగు పోయదు. కాచి చల్లార్చిన పాలు పోసి మెత్తగా కలిపి, చెంచాడు పెరుగు మాత్రం తోడు వేస్తుంది. పొద్దున ఆరింటికి కడితే మధ్యాహ్నం పొట్లం విప్పే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. "దోవలో అన్నం కూడా మనతో పాటే ప్రయాణం చెయ్యాల. బయల్దేరినప్పుడు ఒకటి, చేరినప్పుడు ఒకటిగా ఉండాల," అనేది. రైల్లో ఎదురు సీటువాళ్ళు పొట్లం విప్పితే ఓరగా చూసి, తమిళంలో కబుర్లు కలిపి, వాళ్ళ పచ్చడి రుచి చూసి, తర్వాత నా చెవిలో తెలుగులో తీర్పు చెప్పేది. వాళ్ళకూ తెలుగొచ్చేమో అన్న అనుమానం ఆమెకు ఏనాడూ రాలేదు. మా పక్క రైళ్ళల్లో సగం మందికి వస్తుంది. రెండుసార్లు పట్టుబడ్డాం.

బట్టల్లో ఇంకా ఘోరం. మెరిసేదేదీ ఒంటి మీద పడనిచ్చేది కాదు. ఏడాది పొడవునా నూలు చీరలే, అవీ అమ్మయార్‌కుప్పంలో నేతగాళ్ళ ఇళ్ళకు పోయి తెచ్చుకున్నవే. ఇటుక రంగు, లేదంటే కందిపప్పు రంగు, సన్నంచు. చీర చేతికివ్వగానే రంగు చూడదు, అంచు చూడదు. కొస పట్టుకుని మెడకు రుద్దుకుంటుంది. "కంటికేం తెలుస్తాది మే, కన్ను చీర కట్టుకుంటాదా?" అనేది నన్ను. పట్టులాంటి పాలిస్టరు చీరలు పెళ్ళిళ్ళలో ఎవరైనా పెడితే బొట్టు పెట్టించుకుని, కళ్ళకద్దుకుని తీసుకుని, ఇంటికొచ్చి బియ్యం డబ్బా మీద కప్పేది. "చెమట తాగని గుడ్డ మనిషికెందుకు? బియ్యానికి చెమట పట్టదు గదా."

మా వంశంలో ఆడవాళ్ళకు ఎవరికి చీర కావాలన్నా అత్తే కొనాలి. మా అమ్మ పెళ్ళిచీర దగ్గర్నుంచి నా కాలేజీ రోజుల జాకెట్టు గుడ్డల దాకా ఆమె మెడ మీద పరీక్ష నెగ్గి వచ్చినవే. అలాగే ఎవరు ఊరికి పోతున్నా సంచి సర్దే హక్కు కూడా ఆమెదే. చీర మడతలోనే దాని జాకెట్టు, పావడా పెట్టి ఒక్క చుట్టగా చుట్టేది. ఏ రోజు జత ఆ రోజు చేతికి రావాలి, చీకట్లో తడిమినా. అడుగున తువ్వాలు, విడిచిన బట్టలకు ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన పసుపు సంచి. అన్నిటికన్నా పైన ఆమె కాపీ లోటా. పరాయి లోటాలో కాపీ ఆమె గొంతు దిగదు.

అంతా సర్దాక ఒక పని చేసేది. సంచిలోంచి ఏదో ఒక వస్తువు తీసి ఇంట్లో పెట్టేసేది. కావాలనే.

ఇది నాకు తెలిసింది నేను ఉద్యోగ శిక్షణకని తిరుచ్చి పోయినప్పుడు. హాస్టల్లో సంచి విప్పితే దువ్వెన లేదు. కోపంగా ఫోను చేశాను. "దువ్వెన పెట్టలేదేమత్తా?"

"యాడికీ పోలా. ఈడ అద్దం కింద ఉండాది."

"మర్చిపోయినావా?"

"మర్చిపోతే నేనెట్లా చెప్తా యాడుండాదో? ఇంట్లో ఒకటి మిగిలుండాల పాపా. అది నీ దోవ చూస్తాంటాది. అప్పుడే తిరిగొస్తావు."

ఆ మిగిల్చే వస్తువుకు కూడా ఆమె దగ్గర లెక్కుంది. మరీ పనికిమాలినదైతే ఇల్లు పట్టించుకోదు. మరీ ముఖ్యమైనదైతే మనం పోయిన ఊళ్ళో అవస్థపడాలి. రెండిటికీ మధ్యలో ఉండాలి. ఒకసారి కళ్ళజోడు డబ్బా, ఒకసారి ఒక్క చెవికమ్మ. బావను ఫ్యాక్టరీ పనికి మొదటిసారి గుమ్మిడిపూండికి పంపినప్పుడు బెల్టు తీసి దాచిందట. వాడు అరిచి గోల చేశాడు. అయినా ఆ శనివారం ప్యాంటు పట్టుకుని ఇంటికొచ్చాడు గదా! మామకు ఈ సంగతి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆయన సంచి ఆమె సర్దుతుంది, ఆయన మోస్తాడు. వాళ్ళ మధ్య అంతకు మించి మాటలు నేను విన్నది తక్కువ.

కన్యాకుమారి ప్రయాణం ఆమె కోరికే. పెళ్ళికో చావుకో మొక్కుకో తప్ప రైలెక్కని మనిషి, "ఊరికే చూసేదానికి పోదాం మే, ఎవురికీ ఏమీ ఇచ్చే పని లేకుండా," అనింది. ముందు రోజు సాయంత్రం ఫోనులో అడిగాను: "సంచి కట్టేసినావా? ఈసారి ఏం మర్చిపోతాండావు?"

"చెప్తే ఏం రుచి? తిరిగొచ్చినాక నువ్వే కనుక్కో," అని నవ్వింది. నేను విన్న ఆఖరి మాట అదే. ఆ సంచి జిప్పు పాడైతే జాకెట్టు గుడ్డపేలికతో ముడేసి, తలుపు పక్కన పెట్టి ఉంది. చావింటికి వచ్చిన ప్రతి ఒక్కరూ దాన్ని దాటుకునే లోపలికి వచ్చారు. ఎవరికీ పక్కకు జరపడానికి చెయ్యి రాలేదు.

మా పక్క ఆడమనిషి పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచి రావాలి. వీధి మలుపు దగ్గర నుంచి పలకలు వాయిస్తూ పళ్ళెంలో పెట్టి తేవాలి. మా అమ్మ పోయి చాలా కాలమైంది. కాబట్టి తేవాల్సింది మా నాన్నే. ఆయన తిరువళ్ళూరులో బస్సెక్కబోతూ, అప్పుడే సగం తెరిచిన అంగట్లో దూరి, అంగడివాడు ఏది చేతిలో పెడితే అది పట్టుకొచ్చాడు. పొట్లం విప్పితే వంకాయ రంగు పాలిస్టరు చీర, జానెడు జరీ. ఎండ పడి వసారా అంతా మెరిసింది.

నాన్న తప్పేమీ లేదు. ఆయన జన్మలో చీర కొన్నది లేదు. ఇంట్లో చీరలు కొనేది అత్తే. ఆ రోజు అత్తకు కొనడానికి అత్త లేదు.

నాన్న ఆ చీరనూ అక్క ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. "పాపా, నేనేం తెచ్చినాను? అక్కకు ఇది గిట్టదు గదా," అన్నాడు. ఆయన గొంతు అలా చిన్నపిల్లవాడిలా అయిపోవడం నేనెప్పుడూ వినలేదు. బతికినన్నాళ్ళూ బియ్యం డబ్బాకు కప్పిన గుడ్డను ఆమెకు చుట్టి పంపడమా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. పోయి సంచి ముడి విప్పాను.

పైనే ఉంది కొత్త చీర. ఇటుక రంగు, సన్నంచు, మడత విప్పనిది. కన్యాకుమారిలో కట్టడానికి దాచుకుంది.

ఎదురింటి అవ్వ అడ్డుపడింది. ఊళ్ళో చావు పెళ్ళి పద్ధతులన్నీ ఆమె నోట్లోనే ఉంటాయి. "అది ఈ ఇంట్లో ఉన్న చీర తల్లీ. అత్తింటి సొత్తు. పుట్టినింటి చీర లేకుండా ఆమెను ఎట్లా సాగనంపేది? ఆమెకు పుట్టిల్లు లేదా ఏం?"

పద్ధతి పద్ధతే. నేను అత్తను చూశాను. ఆమె బతికి ఉంటే ఈ పాటికి అవ్వకూ ఒక జవాబు, నాకూ ఒక జవాబు చెప్పేది.

నాన్న లేచి నా చేతిలోంచి ఆ నూలు చీర తీసుకున్నాడు. "నేను ఈది మలుపు కాడికి పోయి ఆణ్ణించి తెస్తానవ్వా. నా చేత్తో తెస్తే అది పుట్టినింటి చీర కాదా?"

అవ్వ పక్కకు జరిగి దోవ ఇచ్చింది. "నడు నాయనా," అనింది. "పళ్ళెం తీసుకో. పలకలోళ్ళను ఎదురు పొమ్మను."

అట్లా, తలుపు పక్కన సంచిలో ఉన్న చీర వీధి చివరిదాకా పోయి, పలకల చప్పుడు మధ్య మా నాన్న చేతుల్లో తిరిగి ఇంటికొచ్చింది. నీళ్ళు పోశాక ఆమెకు కట్టింది ఆ చీరే. కట్టేముందు కొస పట్టుకుని ఆమె మెడకు ఒకసారి రుద్దాను. అప్పుడొచ్చింది ఏడుపు.

పాడె లేపే ముందు అవ్వ మళ్ళీ కేకేసింది. "ఆమె దినామూ వాడిన చెంబో లోటానో ఉంటే ఇయ్యండయ్యా, పాడెతో పంపాల." బావ వంటింట్లోకి పోయి కిటికీ గూట్లో బోర్లించిన కాపీ లోటా తెచ్చాడు.

దాన్ని చూశాక గాని నాకు తట్టలేదు. ఇందాక సంచి విప్పినప్పుడు పైన చీర ఉంది. లోటా ఉండాల్సిన చోట చీర ఉంది. ఆమె లోటా లేకుండా ఏ ఊరికీ పోదు. ఈసారి మిగిల్చింది అది. తిరిగొచ్చినాక కనుక్కోమనింది దాన్నే. బావను ఆపడానికి రెండడుగులు వేశాను.

అంతలోనే మామ అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. బావ చేతిలోంచి లోటా తీసుకున్నాడు.

"ఇది వద్దురా. వేరేది ఏదన్నా ఇయ్యి."

"ఎందుకు నాయనా?"

"ఇది ఆమె ఇంట్లో పెట్టిపోయింది," అన్నాడు మామ.

లోపలికి పోయి దాన్ని మళ్ళీ గూట్లో బోర్లించాడు. ఆ తర్వాతే పాడె లేచింది.

నిన్న పోయి చూసొచ్చాను. సంచి తలుపు పక్కన లేదు, బావ అటక మీద పెట్టేశాడు. లోటా మాత్రం గూట్లోనే ఉంది, తడిగా. మామ పొద్దున్నే తన కాపీ తాగి, తన లోటాతో పాటు దాన్నీ కడిగి, మళ్ళీ అక్కడే బోర్లిస్తున్నాడు.