మాయాబందర్‌లో ఆదివారం వార్తలు

పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో మా పిన్ని ఇంట్లో ఉండగా, మాయాబందర్ తెలుగు సంఘంలో ఒకావిడ ప్రతి ఆదివారం ఊరి వార్తలు చేత్తో రాసి, మైకులో చదువుతుందని విన్నాను. చాలా ఏళ్లు పత్రికలో పనిచేసి మానేసినవాణ్ణి. ఆ మాట విన్నాక ఆగలేకపోయాను.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ బస్సెక్కాను. టిక్కెట్టు నాలుగు వందల లోపే. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ వరుసకట్టి ఒకేసారి ఆదివాసుల రక్షిత అడవిలోకి కదులుతాయి. “కిటికీలోంచి ఎంతైనా చూడండి సాబ్, ఫొటోలు మాత్రం మనా హై” అన్నాడు డ్రైవరు. ఆ తర్వాత బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి సముద్రపు పాయ దాటి, మధ్యాహ్నం మూడింటికి చేరాం.

ఆదివారం ఎనిమిదింటికే సంఘం గది ముందు జనం. వార్తలు రాసే నరసమ్మగారు అంగన్‌వాడీ టీచరుగా రిటైరయ్యారు. ఆమె ముందున్న చార్టులో పైన తేదీ తప్ప ఏమీ లేదు. చేపల వేటకెళ్లి శుక్రవారం రావాల్సిన పడవ, అందులోని ముగ్గురూ ఇంకా రాలేదు. మునిగిపోయిందని అందరి ఫోన్లలో మెసేజీలు.

“రాసెయ్ నరసమ్మా, అందరికీ తెలిసిపోనాది కదా” అన్నాడొక పెద్దాయన.

“ఎవుడు సూసినాడు? పక్కా ఖబర్ నేకుండా నాను రాయను.”

పడవలో ఉన్న ఎర్రయ్య భార్య లక్ష్మి ఆమె కొంగు పట్టుకుంది. “ఏటైనా నువ్వు సెప్తేనే నమ్ముతాను దీదీ.”

నరసమ్మగారు జెట్టీ ఆఫీసుకు నడిచారు. నేనూ వెంట వెళ్లాను. వైర్‌లెస్‌లో కనుక్కోమని హిందీలో బతిమాలి, బెంచీ మీద కూర్చున్నారు. రెండు గంటలకు పైగా కదల్లేదు. పదకొండు దాటాక జవాబొచ్చింది. ఇంజిన్ చెడిపోతే మరో పడవ వాళ్లను డిగ్లీపూర్ వైపు లాక్కెళ్లింది, ముగ్గురూ క్షేమం. ఆమె ఆ మూడు పేర్లూ రెండుసార్లు చెప్పించుకుని, తిరిగొచ్చి చార్టు మీద రాసి, మైకులో ఒక్కొక్కటే చదివారు.

“మా ఆయన పేరేది దీదీ? నాకు తెలుగు సదవడం రాదు” అంది లక్ష్మి. నరసమ్మగారు ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టారు. సిరా ఇంకా ఆరలేదు. ఎర్రయ్య పేరు కొంచెం అలికిపోయింది. దాన్నెవరూ దిద్దలేదు.

మా పత్రికలో ఒకసారి బతికున్న మనిషి పోయాడని వేశాం. మర్నాడు రెండు లైన్ల సవరణ వేసి ఊరుకున్నాం. ఫోన్లో ఆయన కూతురు ఏడ్చిన ఏడుపు నన్ను వదల్లేదు. రెండు గంటలు ఆగితే సరిపోయేదని ఆ బెంచీ మీద తెలిసింది.

వెళ్లేవారు బస్సు టిక్కెట్టు ముందురోజే తీసుకోండి. తిరుగు ప్రయాణం మాత్రం సోమవారానికి పెట్టుకోండి. ఆదివారం వార్తలు ఎన్నింటికి మొదలవుతాయో నరసమ్మగారు కూడా చెప్పలేరు.