వదిలిన చెయ్యి

లాబ్‌లో అందరూ ఆవిడను కణాలమ్మ అంటారు. పళ్ళేల్లో పెరిగే కణాలకు వేళకు మేత పోసేది ఆవిడే మరి. ఇంట్లోనూ అదే ఉద్యోగం, సెలవొక్కటే లేదు. భర్త, తను పనిచేసే ప్రెస్సు మూతపడ్డప్పటి నుంచి మంచం దిగడు. పొద్దున్నే వండి, క్యారియరు తలగడ పక్కన పెట్టి, నీళ్ళు కూడా చేతికందేలా ఉంచి బస్సెక్కుతుంది. ఒళ్ళు హూనమైపోతోందని ఎవరితో చెప్పుకుంటుంది?

"వాడు లేవకపోవడం కాదమ్మాయ్, నువ్వే లేవనివ్వట్లేదు. నోటి దగ్గరికే ముద్ద వస్తుంటే కాళ్ళతో పనేముంది?" అంటుంది అత్తగారు ఫోనులో. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది! కణాలమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఈమధ్య లాబ్‌లో పనంతా రెండు ప్రొటీన్ల మీద. ఒకటి కణం చావకుండా కాపలా కాస్తుంది. రెండోది, కణం తనలోని పాత సామానును తానే అరిగించుకుని బతికేలా చేస్తుంది. కణం కడుపు నిండుగా ఉన్నంత కాలం కాపలా ప్రొటీను రెండోదాని చెయ్యి పట్టుకుని కదలనివ్వదు. ఆకలేస్తే వదులుతుంది. అది చూడ్డానికే ఆవిడ కణాలను చితక్కొట్టి, మొదటిదాన్ని బయటికి లాగి, రెండోది వెంట వచ్చిందా అని చూస్తుంది. ఒక్కో ప్రొటీనూ ఫిల్ము మీద ఒక్కో గీతగా పడుతుంది. మేత పోసిన కణాల్లో రెండు గీతలూ దట్టంగా పడ్డాయి. మాడ్చినవాటిలో రెండో గీత వెలిసిపోయింది.

"ఇంకా మాడిస్తేనో?" అని లాబ్ నడిపే మేడమ్‌ను అడిగింది.

"కాపలాదే చేతులెత్తేస్తుంది. కణం చచ్చిపోతుంది."

"ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది మేడమ్?"

"తెలిస్తే మనకీ తిప్పలెందుకమ్మా?" మేడమ్ కూడా అలిసిపోయే ఉంది.

మర్నాడు ఆవిడ వంట చేయలేదు. పంతం అందామా అంటే పంతానికీ ఓపిక ఉండాలి. చేతులు లేవలేదు, అంతే. రోజంతా మాత్రం ప్రాణం గిలగిల్లాడింది. ఫోను చేస్తే భర్త ఎత్తలేదు. నేనెంత పాపిష్టిదాన్నని తిట్టుకుంటూ ఇల్లు చేరింది.

మంచం ఖాళీగా ఉంది.

వంటింట్లో గిన్నెలన్నీ కిందామీదా, నేలంతా ఉల్లిపొట్టు. నిన్నటి అన్నం, వాడిపోయిన కూరగాయలు కలిపి ఏదో ఉడకేసుకుని నిలబడే తింటున్నాడు భర్త.

"మనిషిని మాడ్చి చంపుదామనుకున్నావా?" అని అరిచాడు. నెలల తర్వాత ఆ గొంతులో కోపం!

ఆవిడ గోడకానుకుని కూలబడి భోరుమంది. "నాకూ ఆకలేస్తోందండీ," అంది.

ఆయన మిగిలింది పళ్ళెంలోకి ఒంపి తెచ్చి ముందు పెట్టాడు.

"ఉప్పెక్కువైంది. మాట్లాడకుండా తిను."

ఆకలి రుచెరుగదంటారు గానీ, ఆ ఉప్పు ఆవిడకు బాగానే తెలిసింది. మెతుకు మిగల్చకుండా తినేసింది.