మడత విప్పని ఎనిమిదో ప్రకరణం

పత్రికలో పనిచేసినన్నాళ్లూ దయ్యాల వార్త ఏదొచ్చినా డెస్కు వాళ్లు నాకే అప్పగించేవారు. నేను నమ్ముతానని కాదు, నమ్మనని. మూసేసిన బడిలో గంట మోగుతోందన్నా, పాడుబడ్డ క్వార్టర్లలో ఎవరో ఏడుస్తున్నారన్నా వెళ్లి చూసి, కారణం కనిపెట్టి రాసేవాణ్ని. కారణం దొరకని వార్త నా చేతుల మీదుగా ఒక్కటీ అచ్చు కాలేదు. ఇది అచ్చయితే ఇదే మొదటిది.

రిటైరయ్యాక జగదల్‌పూర్‌లోనే ఉండిపోయాను. పాత తెలుగు పుస్తకాల తొలి ముద్రణలు సేకరించడం నా పిచ్చి. అందులోనూ ఒక పుస్తకం మీద పిచ్చి మరీ ఎక్కువ. దాని పేరు ఇక్కడ రాయను. అందులో చెప్పిన కుటుంబాలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కల వ్యాపారం చేసుకుంటున్నాయి. సేకరించేవాళ్లం దాన్ని ‘నల్లట్ట’ అంటాం.

గోదావరి దాటి బస్తర్ వచ్చి, ఒక తెలుగు సావుకారి దుకాణంలో గుమాస్తాగా చేసిన మనిషి ఆ పుస్తకం రాశాడు. ఉప్పు ఇచ్చి, ఆదివాసుల దగ్గర దానికి ఎన్నో రెట్లు విలువైన సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు ఎలా తీసుకునేవారో లోపలి మనిషిగా రాశాడు. పుస్తకం వచ్చీ రాగానే గొడవైంది. సావుకార్లంతా కలిసి ప్రతులన్నీ కొనేసి తగలబెట్టారని చెప్పుకుంటారు. తర్వాత మరో ముద్రణ వచ్చింది. అందులో ఏడో ప్రకరణం అయ్యాక తొమ్మిదోది ఉంటుంది. ఎనిమిదోది తీసేశారు కానీ అంకెలు మార్చలేదు. మరిచిపోయారో, కావాలనే అలా వదిలేశారో తెలియదు. ఆ ఎనిమిదో ప్రకరణంలో దుకాణాల పేర్లు ఉన్నాయని వినికిడి. చూసినవాళ్లు మాత్రం నాకు ఎవరూ తగల్లేదు.

తొలి ముద్రణను గుర్తుపట్టడం తేలిక కాదు. మిగిలిపోయిన పాత అట్టలనే రెండో ముద్రణకూ వేశారు. అట్ట చూసి నేనే రెండుసార్లు మోసపోయాను. అసలైన గుర్తు లోపలి మొదటి పేజీలో ఉంటుంది. చుట్టూ ఉన్న పువ్వుల అంచులో, కింద ఎడమ మూలన ఒక పువ్వు తలకిందులుగా పడింది. రెండో ముద్రణలో దాన్ని సరిచేశారు. ఆ తలకిందుల పువ్వును నేను ఒక చిరిగిన విడి కాగితం మీద మాత్రమే చూశాను. పూర్తి ప్రతి ఎక్కడా దొరకలేదు.

పోయిన వేసవిలో భోపాలపట్నం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కిరాణా దుకాణం నడిపే శంకరయ్య, నేను విలేకరిగా ఉన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

“సార్, గోడల పుస్తకం దొరికింది. అట్ట నల్లగున్నది. జల్ది రాండ్రి, మనసు మారితే పొయ్యిల పెడ్త” అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే బస్సెక్కాను. బీజాపూర్‌లో దిగి టీ తాగే ఓపిక కూడా లేకపోయింది. మద్దేడ్ దాటాక డ్రైవరు ఎవరితోనో మాట్లాడటానికి బండి ఆపితే, ఈ వయసులో నేను బండి కదిలించమని అరిచాను.

శంకరయ్య దుకాణంలో కూల్ డ్రింకులకు కొత్త ఫ్రీజర్ పెట్టిస్తున్నాడు. కరెంటు పాయింటు కోసం వెనక గదిలో గోడ చెక్కుతుంటే ఉలి లోపలికి దిగిపోయిందట. మట్టి గోడలో పూడ్చేసిన గూడు, అందులో మైనపు గుడ్డలో చుట్టిన పుస్తకం. ఆ గోడ ఈ ఇంటికీ పక్కింటికీ ఉమ్మడి గోడ.

గుడ్డ విప్పి మొదటి పేజీ చూశాను. ఎడమ మూలన పువ్వు తలకిందులుగా ఉంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. అలాగే ఉంది.

అంతకన్నా పెద్ద సంగతి లోపల ఉంది. అప్పట్లో పెద్ద కాగితం మీద చాలా పేజీలు అచ్చు వేసి, దాన్ని మడిచి కుట్టేవారు. మడతల అంచులు కోస్తేనే పేజీలు విడివడతాయి. ఈ ప్రతిలో మడతలు కోయలేదు. మొదటి కాగితం ఒక్కటే విడిగా ఉంది. మిగతా పుస్తకమంతా మూతి కుట్టిన సంచిలా ఉంది. అంటే, ముద్రణశాల నుంచి వచ్చాక దీన్ని ఎవరూ చదవలేదు. ఇలాంటి ప్రతి చేతికి రావడం సేకరించేవాడి జీవితంలో ఒక్కసారి కూడా జరగదు.

శంకరయ్య మాత్రం సంతోషంగా లేడు.

“మా తాత రాజలింగం పేరు గా పుస్తకంల ఉన్నదని మా నాయిన భయపడేటోడు సార్. నా దుకాణానికి వచ్చేటోళ్లు ఎవరు? అప్పుడు సారపప్పు తెచ్చినోళ్ల మనుమలే. పేరు లేకుంటే పుస్తకం మీదే. పైస వద్దు. ఉంటే నాకిచ్చెయ్యాలె, నేను కాలవెడ్త. సరేనా?”

సరేనన్నాను. ఇంకేం అనగలను? ఫొటోలు తీయకుండా నా ఫోన్ తీసుకుని గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. ఆ రోజు సంత. గిరాకీ తగ్గాక వస్తానని, తను వచ్చేదాకా ఒక్క మడత కూడా కోయొద్దని చెప్పి దుకాణంలోకి వెళ్లాడు.

వెనక గదిలో మంచం మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్లిచూపుల్లో కూర్చున్నప్పుడు కూడా అంత కంగారు పడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. అప్పుడు గోడ అవతల ఎవరో చదవడం మొదలుపెట్టారు.

ముసలి గొంతు. పాతకాలం వాళ్లు పుస్తకాన్ని రాగం తీస్తూ పైకి చదివేవారే, అలాంటి చదువు. వాక్యం చివర కాస్త ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకుంటున్నారు. ఆ తరహా చదువు విని చాలా ఏళ్లయింది. ముచ్చటేసింది. మాటలు సరిగా తెలియడం లేదు. విలేకరి అలవాటు ఊరుకోదు కదా, గోడకు చెవి ఆనించి, వినిపించినంత నా జేబులోని కవరు మీద రాసుకున్నాను. రెండు ముక్కలు స్పష్టంగా అందాయి.

‘నేనే కొలిచితిని. తీసికొన్నవాడు నాకు దండము పెట్టి వెళ్లినాడు.’

శంకరయ్య భార్య సుగుణమ్మ టీ తెచ్చింది. ఎవరమ్మా చదువుతున్నది అని అడిగాను.

“పక్కింటి పెద్దాయన అన్నా. రోజు గీ టైంకే షురూ జేస్తడు. నేను కాపురానికొచ్చిన కాన్నుంచి ఇంటున్న. ఎన్నేండ్లున్నయో గని గొంతు జర్ర కూడ చెడలే.”

ఆయన్ని ఎప్పుడైనా చూశావా అంటే లేదంది. పక్కింటి వాకిలి వెనక గల్లీలోకి ఉంటుంది. వాళ్లు దోర్లా ఆదివాసులు. ఉప్పుకో సబ్బుకో వాళ్లు దుకాణానికి వస్తారు తప్ప, ఈ ఇంటివాళ్లు ఆ ఇంటికి వెళ్లరు. ఇన్నేళ్లూ గోడకు ఇటూ అటూ ఉండి ఆ గడప తొక్కలేదు. అదేమీ ఆమెకు వింతగా తోచలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తోచలేదు.

కొంతసేపటికి చదువు ఆగింది. శంకరయ్య షట్టరు సగం దించి వచ్చాడు.

మడతలు కోయడానికి చాకు పనికిరాదు, కాగితం చిరుగుతుంది. నేను తెచ్చుకున్న వెదురు బద్దతో ఒక్కో మడతనూ నెమ్మదిగా విప్పుకుంటూ వెళ్లాను. పాత కాగితం పొడి రాలుతోంది. ఏడో ప్రకరణం అయిపోయింది. తర్వాతి మడత విప్పాను.

ఎనిమిదో ప్రకరణం అని ఉంది!

గట్టిగా అరిచేశానేమో, సుగుణమ్మ గడప దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చదవండి సార్, చదవండి అని శంకరయ్య నా మోకాలు పట్టుకున్నాడు. పైకి చదవసాగాను. మొదటి రెండు పేజీల్లో వేరే ఊళ్ల దుకాణాలు వచ్చాయి. శంకరయ్య ముఖం కాస్త తేటపడింది. మూడో పేజీ తిప్పాను. పై అంచులోనే ఉంది.

‘రాజలింగము గారి దుకాణమున ఉప్పు ఒక కుంచము, అందుకు సారపప్పు ఒక కుంచము. అది న్యాయమని నమ్మించితిమి. నేనే కొలిచితిని. తీసికొన్నవాడు నాకు దండము పెట్టి వెళ్లినాడు.’

నేను ఆగిపోయాను. జేబులోంచి కవరు తీసి పేజీ పక్కన పెట్టాను. అక్షరం తేడా లేదు.

“అన్నా, గిది పక్కింట్ల చదివేదే గద, పేరొక్కటే ఎన్నడు ఇనవడలే” అంది సుగుణమ్మ.

శంకరయ్యకు మా ఇద్దరి మాటా అర్థం కాలేదు. పగలంతా దుకాణంలో ఉండే మనిషి, ఆ చదువు ఎప్పుడూ వినలేదు. అతనికి వినిపించింది తాత పేరు ఒక్కటే.

పక్కింట్లో ఇంకో ప్రతి ఉందన్నమాట! నాకు తట్టిన కారణం అదే. ఒకటి కాదు, రెండు తొలి ముద్రణలు, ఒకే గోడకు రెండు వైపులా! శంకరయ్యను రెక్క పట్టుకుని వెనక గల్లీలోకి లాక్కెళ్లాను. సుగుణమ్మ కూడా కొంగు కప్పుకుని మా వెంట వచ్చింది.

ఆ ఇంటి పెద్ద బుచ్చక్క వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుంది.

“ఏంది సావుకారీ, తొవ్వ తప్పినవా? ఉద్దెర బాకీ అడగనీకె ఇంటికే వచ్చినవా ఏంది?”

మీ ఇంట్లో మధ్యాహ్నం పుస్తకం చదివే పెద్దాయన ఎక్కడమ్మా అని నేనే అడిగాను.

“మా ఇంట్లనా? మా ఇంట్ల పెద్దాయన ఏడున్నడు? నా మొగడు పోయి ఎన్నో ఏండ్లాయె. ఆయనకి సదువే రాదు. సదివేది మీ ఇంట్ల గద!”

శంకరయ్య తల అడ్డంగా ఊపాడు. బుచ్చక్క నవ్వింది.

“దాస్తవెందుకు సావుకారీ? మాకు ఎరుకనే. మా అత్త ఉన్నప్పటి నుంచి ఇంటున్నం. మీ తాత ముచ్చటే గద. ఉప్పు కుంచం, సారపప్పు కుంచం. మా అత్త చెప్పేది, ఆళ్ల తప్పు ఆళ్లే రోజు సదువుకుంటున్నరు, ఇగ మనం నోరెత్తొద్దు అని.”

తర్వాత శంకరయ్య, ఎక్కడో చూస్తూ అడిగాడు.

“అందుకేనా బుచ్చక్కా, బజార్ల ఇన్ని దుకాణాలున్నా మా కాడికే వస్తరు?”

“మరి నీ అందం జూసి వస్తమా?”

సుగుణమ్మ ఫక్కున నవ్వి, వెంటనే ఏడ్చింది.

నేను నా పని మానలేదు. బుచ్చక్క అనుమతితో ఆ ఇల్లంతా చూశాను. పుస్తకం లేదు. రేడియో లేదు. గోడ రెండు వైపులా తట్టి చూశాను. పూడ్చిన గూడు తప్ప బోలు లేదు. ఆ చుట్టుపక్కల మైకు గానీ, అలా చదివే ముసలివాళ్లు గానీ ఉన్నారేమో వాకబు చేశాను. ఎవరూ లేరు. మిగిలిన మడతలను కింది నుంచి టార్చి వేసి పరీక్షించాను. విప్పకుండా తొంగిచూస్తే పేజీల అడుగున నాలుగైదు అక్షరాలు కనిపిస్తాయి తప్ప, పై అంచున ఉన్న వాక్యం కనిపించే వీలే లేదు.

పాతకాలంలో ఎవరో మరో ప్రతి చదివి ఉంటారు, ఆ మాటలు ఆ ఇంట్లో నోటి మీద మిగిలి ఉంటాయి అనుకుందాం. బుచ్చక్క వరకూ ఆ కారణం సరిపోతుంది. గోడకు చెవి ఆనించిన నాకు సరిపోదు.

శంకరయ్య ఇంటికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. శంకరయ్య పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

“మాట ప్రకారం ఇది నాదే గద సార్.”

అవునన్నాను. నా చూపు పొయ్యి మీదే ఉంది. ఇన్నేళ్లు వెతికిన ప్రతి నా కళ్ల ముందే మసైపోతుందనుకున్నాను. అతను మంచం మీద కూర్చుని, ఎనిమిదో ప్రకరణం తీసి, వేలితో మొదటి వాక్యం వెతుక్కున్నాడు.

“ఇంతకాలం మేం చదువుతున్నమనే గదా ఆళ్లు మమ్మల్ని మంచిగ చూసిండ్రు. కాలవెట్టి ఏం మొహం పెట్టుకుని ఉప్పు అమ్మాలె?” అన్నాడు. “ఎట్ల చదవాలె సార్? గట్టిగనా?” అని అడిగాడు.

గట్టిగానే చదవమన్నాను. గల్లాపెట్టెలోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. కావాలంటే ఫొటోలు తీసుకోమన్నాడు. తీసుకున్నాను. ఖాళీ చేతులతో జగదల్‌పూర్ బస్సెక్కాను. విచిత్రం ఏమిటంటే, దారిపొడవునా నాకు సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

వారం తర్వాత సుగుణమ్మ ఫోన్ చేసింది. రోజూ భోజనం అయ్యాక శంకరయ్య షట్టరు దించి, ఆ గదిలోనే కూర్చుని చదువుతున్నాడట. తప్పులు చదువుతాడు, మధ్యలో దగ్గుతాడు, కూడబలుక్కుని మళ్లీ మొదలుపెడతాడు. ఆయన చదవడం మొదలైనప్పటి నుంచి గోడలోంచి తనకు ఏ గొంతూ వినిపించడం లేదంది.

మరి బుచ్చక్క ఏమంటోంది అని అడిగాను. శంకరయ్యది కీచు గొంతు. ఊరంతా ఎరిగిన గొంతు. తేడా తెలియకుండా ఉండదు.

సుగుణమ్మ గొంతు తగ్గించింది.

“అడిగిన అన్నా. ఏం మారలేదన్నది. అదే ముసలాయన, అదే చదువు, ఒక్క తప్పు గూడ పోడన్నది. మా ఆయన రోజు చదువుతున్నడు గద అంటే, సావుకారి ఎప్పుడు మొదలు పెడ్తడు అని నన్నే ఎదురడిగింది.”

దీనికి కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.