ఊపిరాడని ట్యాంకు

ఆ వీధిలో ఎవరినడిగినా లారీలు బాగుచేసే మేస్త్రీ పెళ్ళాం గయ్యాళిదనే చెబుతారు. ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి "అన్నానికి రావయ్యా!" అని కేకేస్తే నాలుగిళ్ళ అవతలి వాళ్ళు చేతులు కడుక్కుంటారు. రెండేళ్ళ క్రితం వరకు ఆమె గొంతు పక్కగదిలోకి కూడా వినిపించేది కాదు. వయసొచ్చాక నోరు పెరిగిందని ఆడవాళ్ళు, మొగుణ్ణి లెక్కచేయడం మానేసిందని మగవాళ్ళు అన్నారు. తీర్పు చెప్పడానికి ఎవరికీ ఒళ్ళు అలవదు మరి.

అసలు సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. మేస్త్రీకి చెవులు మందగించాయి.

అవి మామూలు చెవులు కావు. లారీ ఇంకా వీధి మలుపులో ఉండగానే, షెడ్డులో నడుం వాల్చినవాడు లేవకుండా "రెండో సిలిండరు సరిగ్గా కొట్టడం లేదు" అనేవాడు. ముప్పై ఏళ్ళు ఆ చెవులతోనే బతికాడు. అలాంటి మనిషికి నీకు వినపడటం లేదయ్యా అని ఏ నోటితో చెబుతుంది? ఎవరేమన్నా అతను తల ఊపడం, ఆ వెంటనే తన ముఖంలోకి చూడటం ఆమె కనిపెట్టింది. ఆ రోజు నుంచి గొంతు పెంచింది. అతను రెండోసారి చెప్పమని అడిగే అవసరం రాకూడదు, అంతే. గయ్యాళి అన్న పేరు ఒంటికేమన్నా అంటుకుంటుందా అనుకుంది.

ఆమె తమ్ముడికి ఒక ముక్కు లారీ ఉంది. ఇప్పటి లారీల్లా చదును ముఖం కాదు, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. దాని పేరు ముసల్ది. ముసల్దాని డీజిలు ట్యాంకు తుప్పుపట్టి చిల్లులు పడింది. కంపెనీ అలాంటి ట్యాంకులు చేయడం ఎప్పుడో మానేసింది. మేస్త్రీ కొలతలిచ్చి వెల్డింగు షాపులో కొత్తది చేయించాడు. పాత మూత దానికి పట్టకపోతే, రబ్బరు వాషరున్న వేరే బండి మూత తెచ్చి బిర్రుగా బిగించాడు.

లారీ బయలుదేరి ఏడు కిలోమీటర్లు పోయి ఆగింది. మేస్త్రీ దిగి, మూత తీసి, పుల్ల ముంచి చూశాడు. నిండా డీజిలే. మళ్ళీ మూత బిగించి స్టార్టు చేయిస్తే బుద్ధిగా లేచింది. ఇంకో ఏడు పోయి మళ్ళీ ఆగింది. ఫిల్టరు మార్చాడు. పైపులు విప్పి ఊదాడు. వెల్డింగు పొట్టు ఉందేమోనని ట్యాంకు దించి కడిగాడు. నాలుగు రోజులు ఇదే వరస. తన చేతికింద ఉన్న బండిని ఇంకొకరు ముట్టుకోకూడదని అతని పంతం. బండి సొంతదారు కూడా స్టీరింగు దగ్గర బొమ్మలా కూర్చోవలసిందే.

ఐదో రోజు పొద్దున తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "బావా, ఇవాళ కూడా ఆగితే రేపు పెద్ద వర్క్‌షాపుకి తోలుకుపోతాను. ఏమీ అనుకోకు. నా బతుకంతా దీని మీదే కదా."

మేస్త్రీ తల ఊపి ఆమెకేసి చూశాడు.

"ఇవాళ ఆగితే రేపు వర్క్‌షాపుకి తీసుకుపోతాడట! చూశావా వీడి మర్యాద!" అని అరిచింది ఆమె.

"విన్నాలేవే, ఏం చెవిటోణ్ణా?" అన్నాడు మేస్త్రీ. మళ్ళీ తనే, "పోనీ. అది అక్కడికి పోయిననాడు ఈ షెడ్డుకి తాళమే. ఇంక బండి ముట్టను," అన్నాడు.

అని, స్పానర్లన్నీ ఒక్కొక్కటే తుడిచి, సైజు ప్రకారం పెట్టెలో పేర్చసాగాడు. ఎప్పుడూ విసిరిపారేసే మనిషి. ఆమె చేతిలో పని పక్కన పెట్టింది.

"నేనూ వస్తా," అంది.

"నువ్వెందుకు? తోస్తావా?"

"తోస్తే తోస్తా! మీ ఇద్దరికన్నా నాకే ఓపికుంది!"

ఫ్లాస్కు నిండా టీ పోసుకుని ఎక్కింది. ఏడో కిలోమీటరు దగ్గర, గోడౌన్ల గోడ పక్కన, ముసల్ది దగ్గి ఆగింది. మేస్త్రీ దిగాడు. వెనకే ఆమె కూడా దిగి ట్యాంకు పక్కన నిలబడింది. అతను మూత తిప్పాడు.

ఉస్స్‌మంది.

ఆమెకు బాగా తెలిసిన చప్పుడే. వేడి టీ పోసి బిగించిన ఫ్లాస్కు, చల్లారాక మూత తిప్పితే ఇలాగే గాలి పీల్చుకుంటుంది. మేస్త్రీ మాత్రం ఏమీ ఎరగనట్టు పుల్ల ముంచి చూసి, మళ్ళీ మూత బిగించాడు.

ఆమె అరవబోయి నాలుక కరుచుకుంది. తమ్ముడు కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తున్నాడు. రెండేళ్ళుగా ఏ కేకతో మొగుడి పరువు కాచిందో, ఇప్పుడు ఆ కేకే తీసేస్తుంది.

"ఇంకో విడత పోదాం," అంది.

మళ్ళీ ఆగగానే, "ఒరేయ్, టీ కొట్టు దాకా వెళ్ళి వేడిగా పోయించుకురా," అని ఫ్లాస్కు చేతిలో పెట్టింది.

"ఇందులో ఉందిగా అక్కా!"

"చల్లారింది. తలనొప్పితో చస్తున్నా. నేను పోయాక టీ పోయలేదని ఏడుస్తావా?"

వాడు సణుక్కుంటూ పోయాడు. ఆమె మేస్త్రీ కుడిచెయ్యి పట్టుకుని అరచేతిని మూత అంచుకు ఆనించింది. పైన తన చెయ్యి వేసి మెల్లగా తిప్పింది. అతని వేళ్ళ సందుల్లోంచి గాలి చల్లగా లోపలికి దూసుకుపోయింది.

మేస్త్రీకి అప్పుడు వెలిగింది. పాత మూతకు సూదిమొనంత బెజ్జం ఉండేది. డీజిలు ఖర్చయినకొద్దీ అందులోంచి గాలి లోపలికి వచ్చేది. ఈ మూతకు బెజ్జమే లేదు. లోపల గాలి లేక పంపు లాగలేకపోతోంది. తను చూద్దామని మూత తీసిన ప్రతిసారీ గాలి దూరి, జబ్బు తానే మాయమవుతోంది.

"చప్పుడొచ్చిందా?" అని అడిగాడు.

ఆమె తల ఊపింది.

"ప్రతిసారీ వచ్చే ఉంటుంది," అన్నాడు. తర్వాత, "నీకెప్పట్నించి తెలుసు?"

"రెండేళ్ళు."

"అందుకా ఆ అరుపులు?"

"కాక? గొంతు దురదనుకున్నావా?"

అతను నవ్వబోయాడు గానీ కళ్ళు ముందు తడిశాయి. భుజం మీది గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఆ గుడ్డకున్న గ్రీజు ముక్కుకు అంటింది. ఆమె కొంగుతో ఆ మరక తుడిచింది.

తమ్ముడు వచ్చేసరికి మేస్త్రీ మూత వదులు చేసి చుట్టూ గుడ్డ కడుతున్నాడు. "ఒరేయ్ బావమరిదీ, నా చెవులు పోయాయిరా. జబ్బు కనిపెట్టింది మీ అక్క. ఇప్పుడు తోలు," అన్నాడు.

ముప్పై కిలోమీటర్లు తోలినా ముసల్ది ఆగలేదు. షెడ్డుకు వచ్చి, మూతకు అన్నిటికన్నా సన్నని డ్రిల్లుతో బెజ్జం వేశాడు. స్పానర్లు మళ్ళీ నేలంతా పరుచుకున్నాయి. ఇంజను పక్కన ఒక స్టూలు వేసి, "కూర్చో. ఏం వినపడుతోందో చెప్పు," అన్నాడు.

"నాలుగు టకటకలు, మధ్యలో ఒక మూలుగు."

"మూలుగు నాదే. నడుం."

మధ్యాహ్నం ఆమె గుమ్మంలో నిలబడలేదు. లోపలికి వెళ్ళి, అతని భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరకు వంగి అన్నానికి పిలిచింది. ఆ రోజు నాలుగిళ్ళ అవతలి వాళ్ళు చేతులు కడుక్కోవడం ఆలస్యమైంది.