తర్లుపాడు బస్సులో నా కుడి చెయ్యి

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు వాళ్లకు ఇంత అన్నం పెట్టండి అనేదాన్ని. ఆకలికి, జ్వరానికి మనుషులు ఏమైనా మాట్లాడతారు. నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని, రాతలో వంకరలుంటాయి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మార్కాపురం దగ్గర పలకల గనిలో లారీలకు రాళ్లు అందించి అందించి నా కుడి భుజం పోయింది. చెయ్యి రొమ్ము దాటి లేచేది కాదు. రవిక కోడలు తొడగాలి, జుట్టు కోడలు ముడివేయాలి. నా జుట్టు నేను ముడివేసుకుంటే చాలు, ఇంకేమీ అడగనని ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

భుజం కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీలు తెగి లోపలికి ముడుచుకుపోయాయని, లాగి కుట్టినా అందవని పట్నం డాక్టరు చెప్పాడు. చనిపోయినవాళ్లు దానం చేసిన చర్మాన్ని శుభ్రం చేసి అతుకు వేస్తామన్నాడు. "ఎవరిదో చెప్పు నాయనా, దండం పెట్టుకుంటా" అన్నాను. అది వేరే దేశం నుంచి వస్తుందని, పేరు తమకూ తెలియదని అన్నాడు.

అతుకు బాగానే పట్టింది. తర్వాత నెలల తరబడి మార్కాపురంలో కసరత్తులు చేయించారు. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. కసరత్తులు చేయించే అమ్మాయి "ఇంక ఇంతేలే అవ్వా" అన్న రోజే అది జరిగింది.

కోడలితో తర్లుపాడు బస్సులో తిరిగి వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. పాత బస్సు, పైన కండక్టరు లాగే గంట తాడు ఇంకా ఉంది. ఒక మలుపు దగ్గర నా కుడి చెయ్యి ఒళ్లోంచి లేచింది. నేను లేపలేదు. నొప్పి కూడా లేదు. తల దాటిపోయి, తాడు పట్టుకుని ఒక్కసారి లాగింది. బస్సు ఆగింది.

కండక్టరు నా మీదికి వచ్చాడు. "ఏందవ్వా, ఈడ కంపచెట్లు తప్ప ఏముంది? దిగి మేకలు కాస్తావా?"

బస్సంతా నవ్వింది. కోడలు నవ్వలేదు. నా చెయ్యి వంకే చూస్తోంది.

కంపచెట్ల నీడలో కూర్చున్న ఒక ముసలామె లేచి, కర్ర పట్టుకుని వచ్చి బస్సెక్కింది. "ఈడ స్టాపు లేదని ఎవురూ ఆపరు నాయనా. నా మోకాళ్లు చూసి ముందు ఒక కండక్టరు ఆపేటోడు. ఆయన కాలం చేసినాక మళ్లా ఈరోజే ఎక్కినా" అంది.

ఆమె కూర్చునేదాకా నా చెయ్యి తాడును వదల్లేదు. కూర్చోగానే రెండుసార్లు లాగింది. బస్సు కదిలింది.

ఇంటికి రాగానే కోడలు దువ్వెన ఇచ్చి "ఎత్తు అత్తా" అంది. చెమటలు పట్టాయి గానీ చెయ్యి భుజం దాటలేదు. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆ అతుకు చర్మం ఎక్కడో పరాయి దేశపు మనిషిదని, అందులో ప్రాణమున్న కణం ఒక్కటీ మిగలకుండా కడుగుతారని అన్నాడు. ఆయన మాట అబద్ధమని నేననను.

తర్వాత ఒకసారి అదే దారిలో ఆటోలో వెళ్లాం. మలుపు రాగానే చెయ్యి లేచింది. ఇదే సమయమని తల వంచి, ఎడమ చేత్తో జుట్టు పోగుచేసి కుడి చేతికి అందించాను. వేళ్లు జుట్టును పట్టుకోలేదు. గాలిలోనే మూసుకుని కిందికి లాగాయి. ఆటో ఆగిపోయింది.

ఎందుకు ఆపావని కోడలు అడిగింది.

"గంట కొట్టినారు గదక్కా" అన్నాడు ఆటో అతను.

మాకు ఏ గంటా వినపడలేదు. అతనికెలా వినపడిందో నాకు తెలియదు. ఆటోలోనే కూర్చుని కోడలే నా జుట్టు ముడివేసింది.